లైన్ క్లియర్

ప్రత్తిపాడుకు దక్షిణాన, పత్తి చేల మధ్య, మిషను వారి బాలికల హాస్టలు ఒకటి ఉంది. నూరేళ్ళ కట్టడం. చరిత్ర లెక్చరరుగా పదవీ విరమణ చేసిన నేను దానికి కరస్పాండెంటును. దాని శతాబ్ది చరిత్రను కూడా నేనే రాస్తున్నాను. ఆధారం లేని మాట రాయకూడదనీ, దెయ్యాలకు ఆధారాలు ఉండవనీ ముప్ఫై ఏళ్ళు విద్యార్థులకు చెప్పినవాణ్ణి.

మొన్న మార్చిలో హాస్టలుకు కొత్త జనరేటర్ పెట్టించాము. ఈసారి అంతా పద్ధతి ప్రకారమే. పొగ పిల్లల గదుల్లోకి పోకుండా కిటికీలకు ఇరవై అడుగుల దూరంలో సిమెంటు దిమ్మె, కప్పు కన్నా ఎత్తైన పొగగొట్టం, బొగ్గూ ఉప్పూ నింపిన రెండు ఎర్తు గుంటలు, హాలు గోడకు చేంజోవర్ స్విచ్. చీరాల నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ సుభానీ ఆ స్విచ్ పిడిని తిప్పి చూపించాడు.

“పైకుంటే కరెంటోళ్ళది, కిందకుంటే మనది. మధ్యలో ఉంటే ఎవరిదీ కాదు మాస్టారూ. రెండూ కలిసే పనే లేదు. పాతదానికి ఇది లేదంటగా?”

“లేదు,” అన్నాను.

“మరెట్టా కలిపేవాళ్ళు?”

“రెండు కొసలకూ ప్లగ్గులున్న వైరుతో.”

“హాలు సాకెట్లోకా? వామ్మో! మనుషుల్ని చంపటానికి పెట్టారా ఏంది?” అని నవ్వాడు.

వంటగది గుమ్మంలో హాస్టలు వంటమనిషి ఫెబా బియ్యం చెరుగుతోంది. ఆమె నవ్వలేదు.

మూడేళ్ళ క్రితం ఆమె భర్త మార్క్ ఈ హాస్టలు ముందున్న స్తంభం మీదే చనిపోయాడు. అతను లైన్‌మన్. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి లైను ఆపించుకోవడాన్ని ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవడం అంటారు. అది తీసుకోకుండానే ఎక్కాడని విచారణలో తేలింది. తేల్చింది నేను రాసిన ఉత్తరం. తాగి ఎక్కి తన చావు తానే తెచ్చుకున్నాడని ఊరు ఫెబా మొహానే అన్నది.

ఆ సాయంత్రం ఏడింటికి లైన్‌మన్ కరుణాకర్ ఎల్‌సీ తీసుకుని వచ్చాడు. కొత్త సర్వీసు వైరును స్తంభం మీద కలపాలి. ఊరంతటా కరెంటు ఆగిపోయింది. పిల్లలు చర్చిలో ప్రార్థనలో ఉన్నారు. కల్లాల్లో ఎండుతున్న మిరప ఘాటు గాలిలో బరువుగా నిలిచి ఉంది. సుభానీ జనరేటర్ దగ్గర ఉన్నాడు. నేను హాల్లో, టార్చి పట్టుకుని, స్విచ్ ముందు నిలబడ్డాను. పిడి మధ్యలో ఉంది.

స్తంభం పైనుంచి కేక వినిపించింది.

“మాస్టారూ, క్లియరేనా?”

“క్లియరే!” అన్నాను.

మొదట వాసన వచ్చింది. మిరపది కాదు. కాలిన వెంట్రుకల వాసన... దాని వెనకే, మాడిన తోలు వాసన.

తర్వాత నా తల మీది బల్బులో తీగ సన్నగా ఎర్రబడింది.

పిడి చూశాను. మధ్యలోనే ఉంది. జనరేటర్ చప్పుడు లేదు. కిటికీలోంచి చూశాను. ఊరు చీకటి. మళ్ళీ పిడి చూశాను. మధ్యలోనే... బల్బు ఇంకాస్త ఎర్రబడింది.

నా చెవి పక్కన ఎవరో మర్యాదగా, తగ్గిన గొంతుతో అడిగారు.

“క్లియరేనాండీ...?”

ఆ గొంతు నాకు తెలుసు. ఆ ప్రశ్నకు ఆ రోజు జవాబిచ్చిందీ నేనే.

“కరుణాకర్! ముట్టుకోకు! దిగు... దిగు!”

అతను దిగి హాల్లోకి వచ్చేసరికి సుభానీ కూడా పరుగెత్తుకొచ్చాడు. స్విచ్‌లో టెస్టర్ పెట్టి చూశాడు. బల్బుకు పోయే వైరులోనూ పెట్టి చూశాడు.

“వైర్లో కరెంటు లేదు మాస్టారూ... బల్బు మాత్రం వెలుగుతోంది.”

కరుణాకర్ హెల్మెట్ తీసేశాడు. “ఇక్కడేం జరిగిందో చెప్పందే నేను మళ్ళీ ఎక్కను. నాకు పని నేర్పింది మార్కన్న. ఎల్‌సీ లేకుండా నిచ్చెన కూడా ముట్టేవాడు కాదాయన. చెప్పండి మాస్టారూ.”

చెప్పాను. మార్క్ ఎల్‌సీ తీసుకున్నాడు. నన్నూ అడిగాడు. క్లియరే అన్నాను. పది నిమిషాల తర్వాత హాల్లో హాస్టలు సభ మొదలైతే, మైకు కోసం జనరేటర్ వేయించింది నేనే. మెయిన్ స్విచ్ ఆపించలేదు. రెండు ప్లగ్గుల వైరులోంచి మా కరెంటు ఎదురెక్కి స్తంభానికి పోయింది. ఆ రాత్రే వైరు కాల్చేసి ఉత్తరం రాశాను. ఫోన్‌లో ఇచ్చిన ఎల్‌సీని సబ్‌స్టేషనులో రాసుకోలేదు. రాతలో ఉన్నదే మిగులుతుందని నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఫెబా ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

“మూడేళ్ళుగా నా చేతి అన్నమే తింటున్నారు గదండీ,” అంది. అంతే.

బల్బు ఆరలేదు. దాని కింద ఎవరమూ నిలవలేక వాకిట్లోకి వచ్చాము. ఎల్‌సీ తిరిగి ఇచ్చేసి ఊరికి కరెంటు వదిలించడానికి కరుణాకర్ సబ్‌స్టేషనుకు ఫోన్ చేశాడు. స్పీకరులో ఆపరేటర్ గొంతు గరగరలాడింది.

“మనుషులంతా దిగారా?”

“నేనొక్కణ్ణేగా. దిగా.”

“ఒక్కడివేందిరా? ఇప్పుడేగా ఇంకొకాయన ఫోన్ చేసింది! తానింకా పైనే ఉన్నానని, లైను ఇవ్వొద్దని...”

మేము ముగ్గురమూ తల ఎత్తలేదు. ఫెబా మాత్రం చీకట్లో నడిచి వెళ్ళి, స్తంభం కింద నిలబడి, పైకి చూసింది. ఆమె గొంతులో బెదురు లేదు.

“ఇప్పుడే దిగొద్దు బావా... ఈయన ఇంకా రాసివ్వలేదు.”