మాస్టర్ కీ రాసినవాడు

"అన్నా, రెండు వైపులా వెయ్. స్పైరల్ గట్టిగా ఉండాల. రోజూ తిరగేసేది," అంటోంది ఆ అమ్మాయి, జిరాక్స్ షాపు కౌంటరు మీదికి వంగి.

వెనక కలీం ఆధార్ కాపీ కోసం నిలబడి ఉన్నాడు. నవంబరు వానలో నెల్లూరు నెల్లూరంతా నానుతోంది. మెషీన్‌లోంచి వేడివేడిగా జారిపడుతున్న కాగితాల మీద అతని చూపు ఊరికే పడింది. పడి, అక్కడే ఆగిపోయింది.

'మాస్టర్ కీ. దుబాయ్ నర్సింగ్ లైసెన్స్ పరీక్ష. ఐదు వందల ప్రశ్నలు, గ్యారంటీ జవాబులు.'

ఆ 'గ్యారంటీ' అన్న మాట మూడేళ్ళ కిందట హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని టైపు చేసింది తనే.

"సిస్టర్, అది చదవొద్దండి," అనేశాడు.

ఆమె గిరుక్కున తిరిగింది. స్కార్ఫ్ అంచున వాన చుక్కలు. కళ్ళలో మాత్రం నిప్పులు.

"నేను సిస్టరని మీకెవురు చెప్పినారు?"

"ఐడీ కార్డు మెళ్ళోనే ఉంది కదా. షాహనా, స్టాఫ్ నర్స్. నేనూ అదే పని. పక్క ఆసుపత్రిలో, డయాలసిస్."

"అయితే ఏంది బ్రదర్? మీ కాపీ మీరు తీసుకోండి, నా కాపీ నేను తీసుకుంటా."

"అందులో చానా జవాబులు తప్పండి."

"పోయినసారి దీన్ని సగమే చదివినా. అందుకే తప్పినా. ఈసారి మొత్తం బట్టీ పడతా. చాలునా?"

తను రాసిన కాగితాలతో తప్పిన మనిషి ఎదురుగా నిలబడటం ఇదే మొదటిసారి.

"ఒక్క ప్రశ్న. రక్తం ఎక్కిస్తా ఉండారు. పేషెంటుకి చలి, వణుకు మొదలైంది. ముందు ఏం చేస్తారు?"

"డాక్టర్‌కి ఫోన్ చేస్తా." తడుముకోలేదు.

"మీ వార్డులో అయితే?"

"వార్డులోనా? ముందు రక్తం ఆపేస్తా. ఆపకుండా ఫోనేంది..." మాట సగంలో తెగింది. కాగితం వైపు తిరిగింది. "ఈ ప్రశ్న నాకొచ్చింది. 'ఆపు' అనే పెట్టబోయినా. మాస్టర్ కీలో ఇట్టా ఉంది గదా అని మార్చినా."

షాపతను మెషీన్ ఆపాడు. "సిస్టర్, ఇంకా సగం ఉండాయి. కొట్టాలా, వొద్దా?"

"కొట్టన్నా," అంది షాహనా, కలీం వైపు చూడకుండా.

మూడో రోజు మధ్యాహ్నం ఆమే వెతుక్కుంటూ డయాలసిస్ యూనిట్‌కి వచ్చింది. చేతిలో బియ్యం సంచి. ఇద్దరూ క్యాంటీన్‌కి వెళ్ళాక దాన్ని బల్ల మీద బోర్లించింది. మాస్టర్ కీ కాక మరో నాలుగు పీడీఎఫ్‌లు, సీనియర్ల నోట్సులు మూడు, ఒక లావుపాటి పుస్తకం, వీడియో క్లాసుల పేర్లు రాసుకున్న చీటీ.

"ఇన్నుండాయి. ఒకదాంట్లో ఉండే జవాబు ఇంకోదాంట్లో లేదు. నలభై రోజులే ఉంది. డిసెంబరు దాటితే దుబాయ్ ఆసుపత్రోళ్ళు నా ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఏది చదవాల?"

ఆమె గోళ్ళు చివరిదాకా కొరికేసి ఉన్నాయి.

కలీం ఒక్కొక్కటీ తీసి చూశాడు. జవాబు మాత్రమే ఉన్నవన్నీ సంచిలోకి వెనక్కి వేశాడు. ఆ జవాబు ఎందుకు ఒప్పో, మిగతావి ఎందుకు తప్పో రాసి ఉన్నవి పక్కన పెట్టాడు. చివరికి బల్ల మీద మిగిలింది లావుపాటి పుస్తకం ఒక్కటే.

"ఇది. ప్రశ్నల సాధనకి నా దగ్గర ఇంకో పుస్తకం ఉంది, వివరణలతో. ఈ రెండే. ఇంకేదీ ముట్టుకోవద్దు."

"మీరు రాసినారా ఈ పరీక్ష?"

"లేదు."

"మరి మాస్టర్ కీలో తప్పులుండాయని ఎట్టా తెలుసు?"

కలీం టీ గ్లాసులోకి చూశాడు. "రోజూ పేషెంట్ల దగ్గర చేసేదేగా," అన్నాడు. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

షాహనాది అల్లూరు. రోజూ సాయంత్రం ఐదున్నర బస్సు. కలీంకి అల్లూరులో ఏ పనీ లేదు, అయినా ఆ బస్సెక్కడం మొదలుపెట్టాడు. కిటికీ బయట రొయ్యల గుంటల్లో గాలి పట్టించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరిగేవి. లోపల అతను ప్రశ్న అడిగేవాడు, ఆమె జవాబు చెప్పేది. "పుస్తకం చెప్పిందని కాదు, నువ్వెందుకు చేస్తావో చెప్పు," అని వదిలేవాడు కాదు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ చూసుకోలేదు. 'సిస్టర్' అన్న పిలుపు మాత్రం ఏ రోజు ఆగిపోయిందో షాహనాకి బాగా గుర్తు.

ఆదివారాలు ఆమె ఇంట్లోనే పాఠం. తండ్రి దరియావలి పరుపులు కుడతాడు. ముందు వసారాలో కొట్టు, వెనక ఇల్లు. నాయనమ్మ జైతూన్‌బీ మంచం మీద పేషెంటు వేషం కట్టేది.

"ఇప్పుడు నాకేం రోగం మే?"

"ఆయాసం జేజీ. లేచి కూచో, ముందుకి వాలు."

"నిన్న గుండెపోటు, ఇయ్యాల ఆయాసం. ఈ పిల్లోడు నన్ను చంపేదాకా పోయేటట్టు లేడే!"

షాహనా పగలబడి నవ్వేది. ఆ నవ్వు విన్న ప్రతిసారీ కలీంకి లోపల ఒక ముల్లు కదిలేది.

తోటి నర్సు హెబ్రోనుకి ఒక్కడికే చెప్పుకున్నాడు. హెబ్రోను తల అడ్డంగా ఊపాడు. "పరీక్ష అయ్యేదాకా నోరు మూసుకో. ఆ పిల్ల మనసు చెదిరితే మళ్ళీ తప్పుద్ది. ఆ పాపమూ నీకే."

నిజమే. కలీం నోరు మూసుకున్నాడు. పరీక్ష ఇంకా పన్నెండు రోజులుందనగా, బస్సులో షాహనా పుస్తకం మూసి కిటికీ వైపు తిరిగింది.

"పరీక్ష అయినాక నీకొక మాట చెప్పాల."

"ఇప్పుడే చెప్పు."

"ఉహూఁ. ఇప్పుడు చెప్తే చదువు మీద ధ్యాసుండదు." చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మాటేమిటో కలీంకి తెలిసిపోయింది. ఎగిరి గంతేయాల్సిన గుండె బరువెక్కింది. నిజం దాచి ఆ మాట వింటే అది దొంగతనమే.

"షాహనా, మాస్టర్ కీ రాసింది నేనే."

ఆమె నవ్వింది. అతని మొహం చూసి నవ్వు ఆపేసింది.

"సీనియర్లకి వచ్చిన ప్రశ్నలన్నీ పోగేసినా. జవాబు తెలీనిచోట తోచింది పెట్టినా. ఆన్‌లైన్‌లో నర్సుల గ్రూపులో వేస్తే అందరూ టాపరన్నారు. బాగా అనిపించింది."

"నీకు బాగా అనిపించింది." ఆమె గొంతు పెద్దది కాలేదు. అదే అతన్ని భయపెట్టింది. "పోయినసారి పరీక్ష రాసి చెన్నైలో సెంటరు బయట కూచోని ఏడస్తా ఉంటే, ఏం చెప్పాల్నో తెలీక మా నాయన జామకాయలు కొనిపెట్టినాడు. తెలుసా నీకు?"

"మొదట్లో తప్పు దిద్దుకుందామనే వచ్చినా. తర్వాత..."

"తర్వాత మాట నాకొద్దు."

బస్సు ఆగీ ఆగకముందే దిగిపోయింది. అది ఆమె ఊరు కాదు. రెండు స్టాపుల ముందే, జోరువానలో.

ఆ తర్వాత ఆమె ఫోన్ ఎత్తలేదు. ఐదున్నర బస్సులో కనిపించలేదు. చదువుతోందో, అన్నీ మూలన పడేసిందో తెలియదు. కలీంకి అన్నం గొంతు దిగలేదు. రెండు రోజులు సెలవు పెట్టి, మాస్టర్ కీ మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా కూర్చుని దిద్దాడు. పదకొండు వేల మంది ఉన్న ఆ గ్రూపులో సొంత పేరుతో రాశాడు: 'ఇది తయారుచేసింది నేనే. అరవై ఒక్క జవాబులు తప్పు. సరైనవి కారణాలతో కింద ఇస్తున్నాను. దయచేసి పాతది చదవకండి.'

తిట్లు కురిశాయి. 'నీ వల్ల నా ఏడాది పోయింది' అని ఒకరు. 'ఇన్నాళ్ళూ ఏం చేశావురా' అని ఇంకొకరు. అన్నీ చదివాడు. ఒక్కొక్కరికీ క్షమాపణ రాశాడు.

తొమ్మిదో రోజు షాహనా నుంచి మెసేజ్ వచ్చింది. 'అరవై ఒకటి కాదు, అరవై రెండు. 118 చూడు.'

ఆత్రంగా తెరిచాడు. రెండు రకాల ఇన్సులిన్ కలిపేటప్పుడు సిరంజిలోకి ముందు ఏది తీసుకోవాలి? నిజమే, తప్పే. 'దిద్దుతాను' అని రాశాడు. మళ్ళీ జవాబు లేదు. లేకపోతేనేం, చదువుతోంది! ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

పరీక్ష రోజు పొద్దున ఏడున్నరకి షాహనా నుంచి ఫోన్ వచ్చింది.

"నేనూ నాయనా ఎక్కిన రైలు గూడూరులో ఆపేసినారు. ముందర పట్టాల మీదికి నీళ్ళొచ్చినాయంట. రెండింటికి పరీక్ష. బస్సులు కిటకిట. ఎవురికి చెయ్యాల్నో తెలీక నీకు చేసినా."

"అక్కడే ఉండు. ఫోన్ పెట్టెయ్యొద్దు."

పక్కనే డ్యూటీలో ఉన్న హెబ్రోనుది గూడూరే. వాళ్ళ బావ ముత్యాలయ్య రోజూ చెన్నైకి నిమ్మకాయల బండి తోలుతాడు. హెబ్రోను ఫోన్ చేసిన పది నిమిషాల్లో బండి గూడూరు స్టేషన్ ముందుంది. తండ్రీ కూతుళ్ళు డ్రైవర్ పక్కన సర్దుకుని కూర్చున్నారు. దారి పొడవునా కలీం ఫోన్లోనే ఉన్నాడు. పాఠాలేమీ అడగలేదు. ఏ ఊరు దాటిందో, వాన తగ్గిందో లేదో, అంతే.

ఒంటిగంటన్నరకి ఆమె అంది, "సెంటర్ కనపడతా ఉంది. కలీం, భయంగా ఉంది."

"నీ వార్డులో ఏం చేస్తావో అదే చెయ్యి."

ఆ తర్వాత రెండు రోజులు అతను ఏ మెషీన్‌లో ఏ అంకె చూసినా అది ఆమె మార్కుల్లాగే కనిపించింది.

మూడో రోజు మెసేజ్: 'పాస్.' గంట తర్వాత ఇంకొకటి: 'నాయన రేపు నిన్ను ఇంటికి రమ్మంటా ఉండాడు. అంతా చెప్పేసినా.'

మళ్ళీ అన్నం దిగలేదు.

దరియావలి సగం కుట్టిన పరుపు ముందు కూర్చుని ఉన్నాడు. తలెత్తలేదు.

"కూచో. నీ కాగితాలతో నా బిడ్డ ఒకసారి తప్పింది. నీ చదువుతో ఒకసారి గట్టెక్కింది. చెల్లుకు చెల్లు అనుకుంటా ఉండావా?"

"లేదు సార్. తను పోగొట్టుకున్న కాలం నేను తెచ్చి ఇయ్యలేను."

సూది ఒక్క క్షణం ఆగింది.

"నువ్వెందుకు రాయలేదు ఆ పరీక్ష?"

"భయం సార్."

"మార్చిలో రాస్తాడు," అంది షాహనా గుమ్మంలోంచి.

"నిన్నెవురడిగినారు?"

"ఎవురూ అడగలా నాయనా. నేనే చెప్తా ఉండా. పాసైతే నేనుండే చోటికే వస్తాడు. తప్పితే మళ్ళీ రాస్తాడు. అప్పటిదాకా ఎదురు చూస్తా. ఇంకెవుర్నీ చేసుకోను." అనేసి తలుపు రెక్క గట్టిగా పట్టుకుంది.



"విన్నావా అమ్మా, నీ మనవరాలి మాటలు?" అన్నాడు దరియావలి.

"విన్నా," అంది మంచం మీది నుంచి జైతూన్‌బీ. "తప్పు చేసి పదకొండు వేల మంది ముందర ఒప్పుకున్నోడు, రేపు దీని ముందర దాస్తాడా? ఏం అబ్బయా, దాస్తావా?"

"దాయను జేజీ. సార్, నేను..."

"సారేంది సారు? ఆయనేమన్నా నీకు బళ్ళో పంతులా? మామా అను."

కలీం దరియావలి వైపు చూశాడు. ఆయన సూదిని పరుపులోకి దింపి, అటువైపు లాగి, దారం పంటితో తెంపాడు.

"అను మరి. మా అమ్మ చెప్తా ఉందిగా."

"మామా," అన్నాడు కలీం.

"ఊఁ. ఆ దారం ఉండ ఇట్టా అందుకో. పరుపు ఆ చివర నువ్వు పట్టుకో, గట్టిగా," అన్నాడు దరియావలి.