తోడు కార్డు

ఉదయం షిఫ్టు ఎక్కగానే గేటు పక్క బల్ల తుడిచి, తోడు కార్డుల పెట్టె తెరవడం ఆమె మొదటి పని. ఆ ప్రసూతి ఆసుపత్రిలో కాన్పు గదిలోకి గర్భిణి వెంట ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కరూ ముందుగా రెండు శనివారాలు తరగతికి వచ్చి, నడుము ఎలా నిమరాలో, ఊపిరి ఎలా తీయించాలో నేర్చుకుని కార్డు తీసుకోవాలి. కార్డు లేకపోతే కన్నతల్లయినా బయటే.

ఈ మాట ఆమె రోజుకు పదిసార్లు అంటుంది. ఒక్క మనిషితో అనాలని మాత్రం ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది. ఆ మనిషి ఆమె అత్తగారు.

ఆడపడుచుకు నెలలు నిండాయి. భర్త లారీ డ్రైవరు, ఏ రోజు ఎక్కడుంటాడో అతనికే తెలియదు. కాబట్టి తోడుగా తల్లి పేరే రాయించింది. తరగతికి రమ్మని బతిమాలితే అత్తగారు మూతి తిప్పింది. ముగ్గురిని కన్నదానికి పాఠాలేమిటంది. గేటు దగ్గర మన కోడలే కదా, అదే సర్దుతుందిలే అని ధీమాగా అంది. కోడలు నోరు మెదపలేదు. తరగతిలో హాజరు రాసేది తనే. అత్తగారి పేరు పక్కన రెండు వారాలూ సున్నా చుట్టి, ఇంటికొచ్చి ఆవిడకు వేడివేడిగా టీ పెట్టి ఇచ్చింది.

కసి ఊరికే పుట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఆసుపత్రిలో తన కాన్పు నాడు అత్తగారు ముందే తోడుగా చేరిపోయింది. గేటు దాకా వచ్చిన తన తల్లిని, ఒక్కరికే అనుమతని గేటువాళ్ళు వెనక్కి పంపేశారని తర్వాత విన్నది. ఆ రోజు నుంచి తల్లి ఈ ఇంటి గడప తొక్కలేదు. ఫోను చేస్తే బాగున్నావా, బాగున్నాను, అంతే. ఆవిడకు ఆ అవమానం మింగుడుపడలేదని కూతురు అనుకుంది.

పది గంటలకు ఆటో వచ్చి ఆగింది. ఆడపడుచు నొప్పులతో వంగిపోతోంది. అత్తగారు సంచి చంకన పెట్టుకుని, ఆసుపత్రి తన పుట్టిల్లయినట్టు నడిచొచ్చింది.

"కార్డు చూపించండి అత్తయ్యా."

"నాకు కార్డేమిటే? జరుగు."

"తరగతికి రాని వాళ్ళకు కార్డు లేదు. కన్నతల్లయినా బయటే."

ఎంత మెల్లగా, ఎంత మర్యాదగా అందో. అత్తగారు కేకలేసింది. పెద్ద నర్సును పిలవమంది, కొడుకుతో చెప్తానంది, నలుగురిలో పరువు తీశావంది. వరుసలో ఉన్నవాళ్ళంతా చోద్యం చూస్తున్నారు. బాగా చూడనీ అనుకుంది కోడలు. ఆమెకు కడుపు చల్లబడింది.

ఆడపడుచు గోడ పట్టుకుని నిలబడింది.

"వదినా, నువ్వు సర్దుతావని అమ్మ అంటే నమ్మాను. కుదరదని ఒక్క మాట చెప్పి ఉంటే మా తోడికోడల్నైనా తరగతికి పంపేదాన్ని. ఇప్పుడు నేను ఒక్కదాన్నే వెళ్ళాలా?"

తను కొట్టాలనుకున్నది ఒకరిని, దెబ్బ తగిలింది ఇంకొకరికి. ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళందరికీ ఆ కార్డు ఉంటుంది, తనకూ ఉంది. అయినా కాలు కదల్లేదు.

అప్పుడు అత్తగారి గొంతు తగ్గింది. "నువ్వు వెళ్ళవే. నేను ఇక్కడే పడి ఉంటాను. దాన్ని ఒంటరిగా పంపకు."

గేటు పనిని తోటి ఉద్యోగినికి అప్పగించి కోడలు లోపలికి నడిచింది. అయిదు గంటలపాటు ఆడపడుచు ఆమె చెయ్యి నలిపేసింది. ఆ పిల్ల అమ్మా అని అరిచిన ప్రతిసారీ కోడలు నడుము నిమిరింది.

మూడింటికి బయటికొచ్చి, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని చెప్పింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కోడలి మొహం చూడకుండా అంది.

"ఆ రోజు మీ అమ్మను వెనక్కి పంపింది గేటువాళ్ళు కాదే. నువ్వే రావద్దన్నావని నేను చెప్పాను. ఇందాక దీని కేకలు ఇక్కడికి వినిపిస్తుంటే ఆవిడే గుర్తొచ్చింది."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు తల్లి మింగింది అవమానం కాదు, కన్నకూతురు వద్దందన్న బాధ. ఆమె ఫోను తీసి, తల్లి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి అత్తగారి చేతిలో పెట్టింది.

"ఆ మాట నాకు కాదు, మా అమ్మకు చెప్పండి. ఇక్కడే, వీళ్ళందరి ముందూ."

వరుస మొత్తం చెవులు రిక్కించింది. అవతల తల్లి ఫోను ఎత్తగానే అత్తగారు వదినగారూ అని మొదలుపెట్టి, తడబడుతూనే ఏదీ దాచకుండా చెప్పింది.

"అది మిమ్మల్ని రావద్దనలేదు. కేకలేసి పిలిచింది. నేనే అబద్ధం చెప్పాను."

పగ తీరింది. అయినా కోడలికి సంతోషం రాలేదు, తల్లి ఏమంటుందోనని భయం వేసింది.

"అది పక్కనే ఉందా?" అంది తల్లి. "పొద్దుటినుంచి ఏమైనా తిందా?"

కోడలు ఫోను అందుకుంది.

"లేదమ్మా," అంది ఏడుస్తూ. "నువ్వు రా."