ఉప్పు బంగళా జెండాకొయ్య

కోట అనే ఊరికి తూర్పున, ఉప్పు కాలవ గట్టు మీద పాడుబడిన బంగళా ఒకటి ఉండేది. ఉప్పు బంగళా అనేవాళ్ళు. పొద్దుగూకితే ఆ పక్కకు మనిషన్నవాడు పోడు. తెల్లదొర ఎవడో తాగి తాగి, దాని ముందున్న జెండాకొయ్యకు ఉరేసుకున్నాడంట... రాత్రిళ్ళు ఆ కొయ్య మీద కూర్చొని పచ్చిచేపలు తింటాడంట. తెల్లారి చూస్తే కొయ్య మొదట్లో నెత్తురు చుక్కలు, సగం తిన్న చేపలు.

ఈ మాట చెప్పేది ఎవరు? పక్కనే ఉన్న చేపలోళ్ళ పాలెం మొగోళ్ళు. నడిసముద్రంలో గాలివానకు కూడా బెదరమని మీసాలు దువ్వేవాళ్ళు. సందెవేళ ఆ బంగళా దాటాల్సొస్తే మాత్రం మైలు దూరం చుట్టు తిరిగి పోయేవాళ్ళు. దొర బతికుండగా వంగి వంగి దండాలు పెట్టినారు. చచ్చినాక కూడా వాడికి వణికేదానికి సిగ్గులేదు.

బంగళా వెనక వంటగదిలో ఒక ఆడమనిషి ఒంటరిగా ఉండేది. పేరు కామమ్మ. మొగుడు సముద్రంలో పోయినాడు. చేపలు ఎండబెట్టి కోట సంతలో అమ్ముకొని బతికేది. వారానికో పదిరోజులకో ఆమె గడప ముందు చేప తలకాయ ఒకటి పడుండేది. తాను తినగా మిగిలింది దొర ఆమెకు పెట్టిపోతాడని పాలెం లెక్క.

ఇదంతా నాకు చెప్పింది మా అన్న, పేరు సమాధానం. మాట తక్కువ మనిషి. నెల్లూరులో ఒక కాలేజీలో చచ్చిన పక్షుల తోలు ఒలిచి, దూది కూరి, అద్దాల బీరువాలో నిలబెట్టడం ఆయన పని. పదేళ్ళుగా పక్షుల కడుపులు కోసి, ఏది ఏం తింటుందో చూసినవాడు. కానీ పక్షుల పాఠం చెప్పేది పద్మనాభయ్య గారు. ఆ మహానుభావుడు గద్దను పుస్తకంలోనే చూసినాడు. కోటు మాత్రం ఎండాకాలంలో కూడా విప్పేవాడు కాదు.

చైనా యుద్ధానికి ముందు ఏడాది, క్రిస్మస్ సెలవుల్లో, పద్మనాభయ్యకు నిజం గద్దల్ని చూడాలని బుద్ధి పుట్టింది. చలికాలంలో ఎక్కడో ఉత్తరదేశాల నుంచి చేపలగద్దలు మన తీరానికి వస్తాయి. కోట పక్క కనపడతాయని ఎవరో చెప్పినారు. ఇద్దరు ప్లీడర్లను వెంటేసుకొని బయల్దేరినాడు. దుర్భిణి ఆయన మెడలో, మూటలన్నీ మా అన్న నెత్తిన.

పగలంతా కాలవ గట్టున తిరిగినారు. గరుడపక్షులు కనపడినాయి. తెల్లపొట్ట సముద్రపు గద్ద ఒకటి కనపడింది. చేపలగద్ద జాడ లేదు. తెల్లారకముందే లేచి చూడాలంటే దగ్గర్లో పడుకోవాల, దగ్గర్లో ఉండేది ఉప్పు బంగళా ఒక్కటే. బండివాడు దొర దెయ్యం కత చెప్పి, వాళ్ళను దించేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయినాడు.

"దెయ్యం వస్తే దానికీ ఒక పాఠం చెప్తా," అన్నాడు పద్మనాభయ్య. ప్లీడర్లు నవ్వినారు. అన్నం పెట్టిన చెయ్యి కదా, నవ్వక ఏం చేస్తారు.

చీకటి పడింది... గాలి ఆగిపోయింది. కాలవలో నీళ్ళ చప్పుడు కూడా లేదు.

పద్మనాభయ్య సిగరెట్టు ముట్టించుకుందామని జెండాకొయ్య కిందికి పోయినాడు.

పైన — చీకట్లో — ఏదో చీలుస్తున్న చప్పుడు.

ఆగింది. మళ్ళీ మొదలైంది...

చేతి మీద ఒక చుక్క పడింది. జిగటగా ఉంది. అగ్గిపుల్ల వెలుగులో చూసుకున్నాడు — ఎర్రగా.

అంతలో తడిగా, బరువుగా ఏదో వచ్చి భుజం మీద పడింది.

ఆ కేక పాలెం దాకా వినపడిందంటాడు మా అన్న. ప్లీడర్లు బంగళాలోకి దూరి లోపల గడియ పెట్టుకున్నారు. పద్మనాభయ్య తలుపు బాదుతుంటే, "మా వాడివే అయితే పేరు చెప్పు," అని లోపల్నుంచి గొణిగినారు. కోర్టులో అంత గొంతు ఉండేవాళ్ళు.

మా అన్న టార్చిలైటు కొయ్య పైకి తిప్పినాడు. రెండు పచ్చటి కళ్ళు... వాటి కింద తెల్లటి రొమ్ము. గోళ్ళ కింద చేప ముక్క.

"గద్ద సార్," అన్నాడు. "మీరు చూడాలన్న గద్దే."

లోపల గడియ తీసినారు. పద్మనాభయ్య కోటు దులుపుకున్నాడు. "నేను ముందే అనుకున్నా," అన్నాడు. "పొద్దున పాలెం అంతా పిలిపించు. ఈ మూఢనమ్మకం తుడిచిపెట్టేస్తా."

అందరూ పడుకున్నాక వరండా పక్కన చిన్న అలికిడి. కామమ్మ.

"అన్నా... ఆ మాట పాలెంలో చెప్పనీబాక."

"ఎందుకమ్మా?"

"మొగుడు పోయి నెల తిరక్కముందే చిన్నపోలయ్య నా తలుపు తట్టినాడు. పాలెం పెద్ద ఆయన... ఎవురికి చెప్పుకునేది? గడప ముందు తలకాయలు పడబట్టినాకనే ఈ పక్కకు రావడం మానుకున్నాడు. రెండేళ్ళుగా కంటినిండా నిద్రపోతుండా."

మా అన్న పోయి పద్మనాభయ్యను లేపినాడు. సంగతి చెప్పి బతిమాలినాడు. "సత్యం సత్యమేనయ్యా. ఒక ఆడమనిషి కోసం దాచిపెడతామా?" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. గంట ముందు తలుపు బాదిన సత్యసంధుడు.

పొద్దున్నే నలభైమంది మొగోళ్ళు వచ్చినారు. కొయ్య మీద గద్ద, కింద కోటు. పద్మనాభయ్య రాత్రి పడిన చేప తోకను ఎత్తి చూపించి అరగంట మాట్లాడినాడు. జనం పగలబడి నవ్వినారు. నిన్నటిదాకా మైలు చుట్టు తిరిగినవాళ్ళే, మాకు ముందే తెలుసన్నట్టు నవ్వినారు.

చిన్నపోలయ్య ముందుకొచ్చినాడు. కొయ్య మీద అరచెయ్యి ఆనించి, కామమ్మ తలుపు పక్క చూసినాడు.

"అయితే ఇంక ఈ దోవన రాత్రిపూట కూడా రావచ్చు," అన్నాడు నిదానంగా.

కామమ్మ తలుపుచెక్క పట్టుకొని నిలబడింది. మా అన్న అది చూసి ముందుకొచ్చినాడు. జీవితంలో మొదటిసారి పద్మనాభయ్య మాటకు అడ్డం పోయినాడు.

"సార్... ఈ గద్ద చేపను ఎటునుంచి తింటుంది?"

"తల నుంచి," అన్నాడు పద్మనాభయ్య, అందరికీ వినపడేట్టు. "పుస్తకంలో స్పష్టంగా ఉంది. ముందు తల తినేస్తుంది. తోక మిగిల్తే పడేస్తుంది."

"తలను మిగల్చదా?"

"మిగల్చదని చెప్తున్నా కదయ్యా."

"మరి కామమ్మ గడప ముందు పడేవి..." మా అన్న గొంతు తగ్గించినాడు. "అన్నీ తలకాయలే కదా సార్."

పద్మనాభయ్య చేతిలోని తోకను తిప్పి చూసుకున్నాడు.

"తోకలు గద్దవి," అన్నాడు మా అన్న. "తలకాయలు ఎవరు పెట్టిపోతున్నారో... నాకు తెలీదు."

చిన్నపోలయ్య చెయ్యి కొయ్య మీదనుంచి లేచింది. పంచకు తుడుచుకున్నాడు. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. కాసేపటికి గట్టు మీద మనిషి లేడు. కోట చేరేదాకా పద్మనాభయ్య బండిలో కూర్చొని పుస్తకం తిరగేస్తానే ఉన్నాడు.

బండి కదిలేముందు కామమ్మ తాటాకు పొట్లం ఒకటి తెచ్చి మా అన్న చేతిలో పెట్టింది. "ఇంటికి పోయినాక విప్పన్నా," అనింది.

ఇంటికొచ్చి పొట్లం నా ముందు పెట్టినాడు. "మే రెబెక్కా, పులుసు పెట్టు."

విప్పినాను. పన్నెండు ఎండుచేపలు. పాలెంలో చేపను తలతోనే ఎండబెడతారు, తల లేకపోతే సంతలో ఎవరూ కొనరు. ఈ పన్నెండిట్లో ఒక్కదానికీ తల లేదు. మెడ దగ్గర కత్తిపీటతో తెగ్గోసినట్టు, శుభ్రంగా.

"ఇదేందన్నా, తలకాయలేవి?"

మా అన్న ఒక చేపను తీసి, తెగిన చోట వేలితో తడిమినాడు. తర్వాత నెమ్మదిగా నవ్వినాడు.

"వాటితో ఆమెకింకా పనుంది మే."