మూడో కేసులో ఒక వాక్యం

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో ఒకే ఇస్త్రీపెట్టె కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు. అక్క చేతిలో చీర, తమ్ముడి చేతిలో చొక్కా. మామూలుగా అయితే అక్కదే ముందు. ఈరోజు తమ్ముడికి కూడా వేళకి చేరాల్సిన పని ఉంది, అందుకని ఇంట్లో లేని మర్యాదలన్నీ పుట్టుకొచ్చాయి.

"నువ్వు కానివ్వరా."

"ముందు నువ్వు కానివ్వక్కా. బస్సు తప్పిపోతుంది నీకు."

"ఇద్దరూ ఎక్కేది ఒకే బస్సు," అంది వంటింట్లోంచి అమ్మ. "ఎవరో ఒకరు తెమలండి."

అక్క మత్తు మాన్పించే కేంద్రంలో ఇరవై ఏళ్లుగా కౌన్సిలరు. కొత్తగా చేరేవాళ్లకి పదేళ్లుగా పాఠాలు చెప్పేది కూడా ఆమే. తమ్ముడు కరెంటు పనివాడు. తాగుడు మానేసి పద్నాలుగు నెలలైంది. తాగి మానినవాళ్లు పక్కన కూర్చుంటే రోగులు త్వరగా నోరు విప్పుతారని కేంద్రంవాళ్లు ఈసారి అలాంటి ముగ్గురిని శిక్షణకి ఎంచుకున్నారు. ఆ ముగ్గురిలో ఇతనొకడు. నలభై ఏళ్ల మనిషి కొత్త నోటుపుస్తకం కొనుక్కుని, అట్ట మీద పేరు రాసుకుని, సంచి రెండుసార్లు సర్దుకున్నాడు. అమ్మ అది చూసి చూడనట్టు మొహం తిప్పుకుంది. సంతోషపడితే దిష్టి తగులుతుందని ఆవిడ భయం.

ఆ ఇంటికి రెండు అలవాట్లున్నాయి. కొడుకు బయటినుంచి రాగానే అమ్మ గుమ్మంలోనే నీళ్ల గ్లాసు అందిస్తుంది. అందిస్తూ అందిస్తూ అతని మొహం దగ్గర ఓసారి గాలి పీలుస్తుంది. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పొట్టిమనిషి కదా, ఆవిడకి అందాలని అతనే కాస్త వంగి నిలబడతాడు. రెండో అలవాటు అక్కది. రాత్రి తలుపు గడియ ఆమే వేస్తుంది. వేసి, పడుకుని, లేచి మళ్లీ చూసొస్తుంది. ఎందుకలా అని అడిగితే వయసొస్తోంది కదా అంటుంది.

శిక్షణ గదిలో పన్నెండు కుర్చీలు, ఒక తెల్లబోర్డు, తిరిగినంతసేపూ సణిగే ఫ్యాను. అక్క పదేళ్లుగా చెప్పిన మాటలే మళ్లీ మొదలుపెట్టింది. ఆమె గొంతులో అలుపు కొత్తవాళ్లకి తెలియలేదు గానీ వెనక వరసలో కూర్చున్న తమ్ముడికి తెలిసింది.

"చూసింది రాయండి, అనుకున్నది రాయకండి. ఎవరు ఏం చేశారో రాయండి. 'రోగి ఇంట్లో గొడవ జరిగింది' అని రాస్తే నాకేం తెలుస్తుంది? గొడవ వానలా పైనుంచి పడదు కదా. ఎవరో ఒకరు చేస్తారు."

అందరూ నవ్వారు. తమ్ముడు ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు.

అప్పుడు గుమస్తా పాత కేసుల కాగితాలు పంచాడు. ఆ కట్టలోంచి మూడోది తీసేయమని అతనికి చెప్పాలని అక్క వారం రోజులుగా అనుకుంటోంది. అనుకోవడంతోనే వారం గడిచిపోయింది. తొమ్మిదేళ్ల కిందట తను రాసిన కాగితమది. పద్ధతి ప్రకారం వృత్తి మార్చింది, వయసు రెండేళ్లు జరిపింది. చిన్న వివరమేదైనా ఉంటే వినేవాళ్లకి గుర్తుంటుందని కుట్టు మిషను మాత్రం అలాగే ఉంచేసింది.

ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి మూడో కేసు పైకి చదివింది. "వయసు ముప్పై మూడు. వడ్రంగి. తల్లి కుట్టు మిషను అమ్మి తాగాడు. తల్లి మందలించింది. మూడు రోజుల తర్వాత ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలు జాడ లేదు. కోలుకునే అవకాశం తక్కువ." చదివి తలెత్తింది. "ఇతనికి ఇంట్లోవాళ్ల మీద ప్రేమ లేనట్టుంది మేడం. తల్లి ఒక్క మాటంటే వెళ్లిపోయాడు."

అక్క బోర్డు వైపు తిరిగి, రాయాల్సిందేమీ లేకపోయినా ఏదో రాసింది. మళ్లీ ఇటు తిరిగేసరికి వెనక కుర్చీ ఖాళీగా ఉంది. నోటుపుస్తకం మాత్రం బల్ల మీదే ఉంది.

సాయంత్రం బస్సులో ఆమె ఒక్కతే వచ్చింది. గుమ్మంలో అమ్మ గ్లాసుతో నిలబడి ఉంది.

"వాడేడీ?"

"మధ్యలో లేచి వెళ్లిపోయాడమ్మా. ఫోనెత్తడం లేదు."

అమ్మ గ్లాసు కిటికీలో పెట్టి, పక్కనే కూలబడింది. అక్క చీర కూడా మార్చుకోకుండా ఎదురుగా కూర్చుంది. ఊరివాళ్లకి బుద్ధులు చెప్పే మనిషి, ఇంట్లో ఏం చెయ్యాలో తోచక తన చేతుల వంక చూసుకుంటోంది.

ఆరున్నరకి గేటు చప్పుడైంది. అమ్మ గ్లాసు తీసుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది. అతను ఎప్పటిలాగే వంగాడు. ఆవిడ పీల్చింది. ఇంకోసారి పీల్చింది. ఏమీ లేదు. కొంగుతో కళ్లొత్తుకుని పక్కకి తప్పుకుంది.

"ఇంతసేపు ఎక్కడున్నావురా?"

"కేంద్రం వెనక మెట్ల మీదే. ఎటు కదిలినా దారిలో ఆ మందుకొట్టే ఉందమ్మా. కొట్టు మూసేవరకు కూర్చుందామనుకున్నా గానీ, అది మూసే కొట్టు కాదు కదా."

అక్క లేచింది. నెమ్మదైన గొంతుతో, "నీకు బాధ కలిగిందని నాకు అర్థమవుతోంది. ఆ చివరి వాక్యం చూసినప్పుడు నీకేమనిపించిందో..." అంది.

"అక్కా, క్లాసయిపోయింది. మామూలుగా మాట్లాడు."

అతను జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన మూడో కేసు కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"చివరిది కాదు. అప్పటి నన్ను చూస్తే నేనైనా అదే రాసేవాణ్ణి. దాని పైన చదువు. 'ఇల్లు వదిలి వెళ్లిపోయాడు.' చూసింది రాయమన్నావు పొద్దున. నేను వెళ్లడం నువ్వు చూశావా?"

అమ్మకి ఏదో సర్దిచెప్పాలనిపించింది. "నా నోటి దురుసుకే కదరా వెళ్లావు. నా కడుపున చెడబుట్టావని అన్నాను. తొమ్మిదేళ్లుగా ఆ మాటే నన్ను తింటోంది."

"నీ మాటకి కాదమ్మా," అన్నాడతను. మిగతాది చెప్పాల్సింది తను కాదన్నట్టు అక్క వైపు చూశాడు.

అక్క కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ నిటారుగా కూర్చునే మనిషి, గోనెసంచిలా కూర్చుంది.

"నువ్వు పిన్ని దగ్గరికెళ్లావు గుర్తుందా అమ్మా, ఆ రోజు. వీడు తాగొచ్చాడు. నేను లోపల గడియ పెట్టేశాను. తలుపు కొట్టాడు. అక్కా అక్కా అని పిలిచాడు. నాకు వినబడింది. తీయలేదు. తెల్లారి చూస్తే లేడు. నువ్వొచ్చి అడిగితే వెళ్లిపోయాడన్నాను."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు, అది ఎంతకీ అంటుకోవడం లేదు.

"కఠినంగా ఉంటేనే దారికొస్తారని చెప్పుకోవచ్చు," అంది అక్క. "క్లాసులో అయితే అలాగే చెబుతాను. కానీ అది పద్ధతీ కాదు, పాడూ కాదు. ఆ రోజు నాకు నిద్ర కావాలమ్మా. పొద్దున్నుంచి ఊళ్లో తాగుబోతులందరి మాటలూ విని వచ్చాను. ఇంట్లో ఇంకొకడి మాట వినలేకపోయాను. అంతే." ఆ మాటంటూ ఏడ్చేసింది. "నువ్వు నీ తప్పనుకుంటున్నావని తెలిసి కూడా ఊరుకున్నాను."

అమ్మ చాలాసేపు కాగితం వంక చూసింది. కళ్లజోడు లేదు కాబట్టి ఆవిడకి అక్షరాలేవీ కనబడవు.

"నేనుంటే ఆ గడియ తీసేదాన్ని," అంది చివరికి. "తీస్తే వీడు ఆర్నెల్లకోసారి అదే తలుపు కొడుతూ ఉండేవాడేమో, ఎవరికి తెలుసు. గడియ పెట్టినందుకు నిన్నేమీ అననే. చెప్పనందుకు మాత్రం అంటాను. తొమ్మిదేళ్లు నన్ను నేను తిట్టుకున్నాను, ఒక్క మాట చెబితే పోయేది కదా."

"వీడైనా చెప్పలేదు," అంది అక్క, చిన్నపిల్లలా.

"నీ ఇంట్లో అన్నం తింటూ నీ మీద చాడీ చెప్పమంటావా?" అన్నాడు తమ్ముడు. సంచిలోంచి కలం తీసి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు రాసిందే. నువ్వే దిద్దు."

మర్నాడు ఫ్యాను మళ్లీ సణుగుతుండగా అక్క తన చేత్తో దిద్దిన మూడో కేసు చదివింది. "తల్లి ఊళ్లో లేదు. అక్క లోపల గడియ పెట్టింది. అతను తలుపు కొట్టాడు. ఆమెకి వినబడింది. తీయలేదు." కాగితం దించి, "ఆ అక్కని నేనే," అంది.

ఎవరి వైపూ చూడలేదు. వెనక వరసలో తమ్ముడు మాత్రం కుర్చీలోనే ఉన్నాడు. ముందు వరస అమ్మాయి అడిగింది, "మేడం, ఆ అక్కని ఎవరైనా అడిగారా, ఎలా ఉన్నావని?"

అక్క కాగితం మడిచి కట్టలో పెట్టేసింది. "రేపు నాలుగో కేసు," అంది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సు దిగారు. గుమ్మంలో అమ్మ చేతిలో రెండు గ్లాసులున్నాయి. ఒకటి కొడుకు చేతిలో పెట్టేసింది, వాసన సంగతే మరిచిపోయినట్టు. రెండోది కూతురికి అందిస్తూ, మొహం దగ్గరికి వచ్చి కళ్లలోకి చూసింది.

"ఏంటమ్మా, అక్కని కూడా వాసన చూస్తున్నావా?"

"నువ్వూరుకోరా. మొహం ఎలా పీక్కుపోయిందో చూడు. ఎన్నాళ్లయిందే నువ్వు సరిగ్గా పడుకుని?"

అక్క నీళ్లు మొత్తం తాగింది. నాలుగు మెతుకులు తిని, ఎనిమిది కాకముందే పక్క మీద వాలిపోయింది. ఆ రాత్రి తలుపు గడియ ఎవరు వేశారో ఆమెకి తెలియదు.