మరిగించిన సగం

కెనడాలో మా విన్నిపెగ్‌లో జనవరి వచ్చిందంటే టీ వేళకే చీకటి. ఆ రోజు పళ్ల డాక్టర్ల కాలేజీ కింది ల్యాబ్ గదిలో నేనూ, నా దగ్గర పనిచేసే అమ్మాయి లిగాయా ఉన్నాం. లవంగనూనె వాసన. పైన గొట్టాల్లో వేడినీళ్ల గుడగుడ.

మా ముందున్నది మా తమ్ముడు మైరన్ పంటి వేరులోంచి తీసిన చీము చుక్క. వాడి గుండె కవాటం పాడైంది. ఆ వేరులో క్రిములు బతికుంటే ఆపరేషన్ చెయ్యనన్నాడు డాక్టర్. చెయ్యకపోతే వాడు దక్కడు.

పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"నాకంటే నా పన్నే గట్టిదక్కా. ఈ నొప్పి కాస్త నువ్వు తీసుకోకూడదూ?"

"ఇచ్చెయ్యరా, పీడా పోతుంది," అన్నాను.

మేం వేసే రంగుకి బతికున్న క్రిమి పచ్చగా మెరుస్తుంది, చచ్చింది ఎర్రగా. ఆ రంగుని గుడ్డిగా నమ్మం. ప్రతిసారీ చుక్కలో సగం మరిగించి చంపి, దాన్ని ముందు చూస్తాం. అది ఎర్రగా ఉండి తీరాలి.

లైటు ఆర్పి, మరిగించిన సగం సూక్ష్మదర్శిని కింద పెట్టాను.

పచ్చగా ఉంది.

"పరీక్ష గొట్టాలు తారుమారు చేశావా తల్లీ?"

"లేదు మేడమ్. నా చేత్తోనే మరిగించాను."

మళ్లీ మరిగించింది. పచ్చ... ఇంకాసేపు మరిగించింది. అయినా పచ్చే.

"రంగు పాడైందేమో," అని గుసగుసలాడింది లిగాయా. తన పంటి మీద గీకి, సగం మరిగించి చూసింది. అది చక్కగా ఎర్రబడింది. రంగులో ఏ దోషమూ లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. వార్డు నర్సు.

"ఇక ఆ పరీక్ష అక్కర్లేదమ్మా. మైరన్ ఇప్పుడే పోయాడు."

చిన్నప్పుడు నేను ఎత్తుకు తిప్పిన తమ్ముడు.

"పోయేముందు నవ్వాడు. పంటినొప్పి తగ్గిపోయింది, అక్కకి చెప్పండి అన్నాడు."

ఫోన్ పెట్టేశాను. కింది దవడలో... సన్నగా పోటు. పొద్దున లేదది.

"మేడమ్, చెంప ఎందుకు పట్టుకున్నారు?"

పోటు పెట్టే పంటి పక్కనే గీకి, వచ్చింది ఆమె చేతిలో పెట్టాను. సగం మరిగించింది. లైటు ఆర్పింది. వంగి చూసింది... చాలాసేపు చూసింది. తర్వాత వంగే ఉండి, కుర్చీ నా నుంచి కాస్త దూరంగా జరుపుకుంది.

"ఎర్రగా ఉందా?" అన్నాను.

లిగాయా తల ఎత్తలేదు. సూక్ష్మదర్శిని అద్దంలోంచి వచ్చే వెలుగు పడి ఆమె చెంప పచ్చగా మెరుస్తోంది.