పసుపుకొక్కు ఉన్న గుహ

చెదలు తినగా మిగిలిన పటంలో మూడే గుర్తులు కనిపిస్తున్నాయి: వాగు, జలపాతం, దాని వెనక గుహ. నలభై ఏళ్ల కిందట ఈ అడవిలో తిరిగిన ఓ శాస్త్రవేత్త గీసిన పటమది. గుహ పక్కన ‘పసుపుకొక్కు’ అని రాసి ఉంది. ఆ తరవాత ఆ పుట్టగొడుగును చూసినవాళ్లే లేరు.

దానికోసం హైమ ఆరేళ్లుగా ఈ కొండల్లో కాళ్లరిగేలా తిరుగుతోంది. ఇక వ్యవధి లేదు. లోయలో పడిపోయిన మానులన్నీ ఎత్తుకుపోవడానికి గుత్తేదారు లారీలు వచ్చేశాయి. పసుపుకొక్కు బతికేది ఆ పుచ్చుమానుల మీదే. “మధ్యాహ్నంలోగా ఒక్కటి తెచ్చి చూపించండి, పని ఆపిస్తాను” అన్నాడు అటవీ అధికారి.

“తలొంచు బిడ్డా! రాయి జారుద్ది!” జలపాతం వెనక గుహలో ముందు పాకుతున్న పండురెడ్డి అరిచాడు. ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన కొండరెడ్డి తెగ ముసలాయన, దారి చూపడానికి వచ్చాడు.

పైన వాన అందుకున్నట్టుంది. మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు నడుముకెక్కాయి. హైమ కాలు జారింది. చేతిలోని ఫోను బుడుంగున మునిగిపోయింది. ఇంకేం ఫొటోలు!

మలుపు తిరగగానే ఆమె టక్కున ఆగిపోయింది. పైకప్పు చీలికలోంచి వెలుతురు పడుతోంది. ఏనాటి వరదకో కొట్టుకొచ్చి రాళ్ల మధ్య తలెత్తులో ఇరుక్కున్న మాను మీద ఒకే ఒక్క పసుపుపచ్చని మొగ్గ!

“దొరికింది తాతా!” హైమ కత్తి తీసింది. ఆయన గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

“ఆగెహె! ఒంటి కొక్కు అది. ఇంకా గొడుగే విప్పలేదు. విత్తు రాలకముందే కోస్తే వంశం పోద్ది. మా ఆడోళ్లు ఆకలితో ఉన్నా ఒంటి కొక్కు ముట్టరు.”

“ఉత్త చేతుల్తో వెళ్తే మానులన్నీ పోతాయి తాతా!”

“మరి నువ్వే ఆలోచించుకో.”

నీళ్లు ఛాతీకి తగిలాయి. హైమకు ఏడుపొచ్చింది. ఆరేళ్ల కష్టం కళ్లెదుట ఉంది, చేయి చాస్తే అందుతుంది. పళ్లు బిగించి కత్తిని ఒరలో పెట్టేసింది.

“పద పద! నా నడుం పట్టుకో!” పండురెడ్డి కేక గుహంతా మారుమోగింది. మునిగి, తేలి, రాళ్లకు కొట్టుకుని ఇద్దరూ బయటపడ్డారు.

లారీల దగ్గర రంపాలు అప్పటికే రొదపెడుతున్నాయి. అధికారి ఆమె ఖాళీ చేతులు చూశాడు.

“ఏదీ?”

“ఉంది సార్. ఒక్కటే ఉంది, కోయలేదు. వాన ఆగింది, గంటలో వాగు తగ్గుతుంది. మీరే వచ్చి చూడండి.” ఆమె మోకాళ్ల నుంచి నెత్తురు కారుతోంది.

“గంట ఆగితే మాకు కూలీ దండగ!” గుత్తేదారు కసిరాడు.

అధికారి ఆమెనీ, ముసలాయననీ మార్చి మార్చి చూశాడు.

“రంపాలు ఆపండ్రా!” అని అరిచి, రాతి మీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.