ఆదివారం పన్నెండింటికి, మెడిసిన్ హ్యాట్‌లో

"నా పేరు టారస్ మెల్నిక్. యార్క్‌టన్ దగ్గర పాడి రైతుల అబ్బాయిని. చిన్న పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు కావాలని నా కోరిక. రోజూ ఐదింటికి లేస్తాను. రోజుని పదిహేను నిమిషాల ముక్కలుగా కోసుకుని వాడుకుంటాను. టైముకి రానివాళ్ళకి ఎదుటి మనిషి మీద గౌరవం లేనట్టే, అది నా సిద్ధాంతం."

మా సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని రెజైనాలో టీచర్ ట్రైనింగ్ మొదటి రోజున నేను నిలబడి చెప్పుకున్న స్వపరిచయం ఇది. చప్పట్ల కోసం ఎదురుచూస్తున్నాను. చప్పట్లకి బదులు తలుపు చప్పుడయింది.

ఒకమ్మాయి లోపలికొచ్చింది. టోపీ మీద మంచు, బుగ్గలు ఎర్రగా, బూట్లు నీళ్ళోడుతూ.

"సారీ మిసెస్ ఓస్ట్‌మన్. దారిలో ఒకావిడ కారు మంచులో దిగబడిపోయింది. తోసి వచ్చేసరికి ఇంతయింది."

"సరే, నీ గురించి చెప్పు," అన్నారు మా మేడమ్. "టైము ఎలా సర్దుకుంటావో కూడా చెప్పాలి."

"జోయెల్ ఫిడ్లర్. మాది ఆల్బర్టాలో మెడిసిన్ హ్యాట్. టైము సంగతి మీరు చూస్తూనే ఉన్నారుగా." క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వకుండా కొనసాగించింది. "నా డైరీలో రోజూ ఒక గంట ఖాళీగా వదిలేస్తాను. అది ఎవరికి అవసరమైతే వాళ్ళది. టీచర్ అన్ని గంటలూ నింపేసుకుంటే, ఏ పిల్లో ఏడుస్తూ వచ్చినప్పుడు ఎందులోంచి తీసిస్తుంది?"

"ఆ గంట క్లాసు అయ్యాక పెట్టుకోవచ్చుగా," అని గొణిగాను. గొణుగుడు అందరికీ వినబడింది.

క్లాసులో ఒక్క కుర్చీయే ఖాళీగా ఉంది, అదీ నా పక్కన. ఆమె వచ్చి కూర్చుని, తడి టోపీ నా పుస్తకాల పక్కన పెట్టి మెల్లగా అడిగింది. "గోడ గడియారం మింగి పుట్టారా సారూ?"

"కొందరికి గోడ గడియారం చూడ్డం కూడా రాదులెండి."

ఆ వారమే మిసెస్ ఓస్ట్‌మన్ మా ఇద్దర్నీ జత చేశారు. నాలుగో తరగతి పిల్లలకి భిన్నాలు చెప్పాలి, నలభై నిమిషాల్లో. ఏ నిమిషానికి ఏం చెప్పాలో నేను రెండు పేజీలు రాశాను. అది చూసి జోయెల్, "ఇందులో ఊపిరి ఎప్పుడు పీల్చుకోవాలో రాయలేదే," అంది.

ఇరవై రెండో నిమిషంలో పెర్ల్ అనే పాప బోర్డు దగ్గర ఆగిపోయింది. అక్కడ గీసిన చదరంలో ముప్పావు ఎంతో చూపించాలి. చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడింది. నేను గడియారం చూసి జవాబు చెప్పేయబోయాను. జోయెల్ టక్కున నా మణికట్టు మీద చెయ్యి వేసి గడియారాన్ని కప్పేసింది.

"ఆగు. ఆలోచిస్తోంది."

ఎంతసేపో నాకు తెలీదు, గడియారం ఆమె చేతి కింద ఉంది. చివరికి పెర్ల్ ఒక గీత గీసింది, దానికి అడ్డంగా ఇంకో గీత గీసింది, నాలుగు గళ్ళలో మూడు నింపి మా వైపు తిరిగింది. ఆ పిల్ల మొహం చూడాలి. నా పాఠం తొమ్మిది నిమిషాలు ఆలస్యమైపోయింది, అయినా నాకు పిసరంత బాధ లేదు. గుండె మాత్రం దడదడలాడుతోంది. జోయెల్ చెయ్యి ఇంకా తియ్యలేదు మరి.

నేను అప్పుడే పడిపోయాను. దాచడం దేనికి?

మార్చి మొదట్లో ఇంటర్న్‌షిప్ ఫారాలు ఇచ్చారు. ఉత్తరాన అడవుల్లో ఒక చిన్న బడికి ఇద్దరు కావాలట, జతగా పేర్లు ఇవ్వాలట. సోమవారం ఆఖరు.

క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ ధైర్యం చేశాను. "నీ పేరు పక్కన నా పేరు రాయకూడదూ?"

"అడుగుతున్నది బడి గురించేనా?"

"బడి గురించి కూడా."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కప్పులోకి చూస్తూ అంది. "శుక్రవారం బస్సుకి మా ఊరెళ్తున్నా. ఆదివారం పన్నెండింటికి మా అమ్మమ్మ ఇంటికి భోజనానికి రా. నన్ను పెంచింది ఆవిడే, నిన్ను చూస్తానంటోంది. రాస్తానో లేదో అక్కడే చెప్తా. ఆలస్యమైతే మాత్రం నేనంటే గౌరవం లేదనుకుంటాను. నువ్వు రోజూ వల్లించే సిద్ధాంతమేగా."

ఆ నాలుగు రోజులూ నేను నేల మీద నడిచిన గుర్తు లేదు.

మా సస్కాచెవాన్‌లో గడియారాల జోలికి ఎవరూ పోరు, ఏడాదంతా ఒకటే టైము. పక్కనే ఉన్న ఆల్బర్టా చలికాలంలో మాకంటే గంట వెనక ఉంటుంది. ఆ లెక్క నాకు కొట్టిన పిండి. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి రెజైనాలో బయల్దేరాను. స్టీరింగ్ ముందు ఫోన్ ముట్టకూడదని దాన్ని ఆపేసి సంచిలో పడేశాను. దారంతా సన్నటి వాన, పొలాల్లో మంచు కరుగుతోంది, నేను పెద్దగా పాటలు పాడుతున్నాను. సరిహద్దు దాటగానే చేతి గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకున్నాను. ఎంత జాగ్రత్తపరుడినో చూడండి.

పన్నెండుకి పది నిమిషాల ముందే అమ్మమ్మగారి ఇంటి ముందు ట్రక్కు ఆపాను. ముందుగా వెళ్ళడం మర్యాద కాదు. అందుకని ట్రక్కులోనే కూర్చుని తల దువ్వుకున్నాను. అమ్మ చేసి పంపిన ఆపిల్ పై పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఏం మాట్లాడాలో నాలుగుసార్లు వల్లె వేసుకున్నాను. కిటికీ తెర కదిలినట్టనిపిస్తే అటు చూసి నవ్వాను కూడా.

సరిగ్గా పన్నెండింటికి తలుపు తట్టాను.

జోయెల్ తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"టైమెంతయింది?"

"పన్నెండు. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు."

వెనకనుంచి అమ్మమ్మగారి గొంతు వినబడింది. "ఒంటిగంట, నాయనా. మార్చి నెలలో మేం గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటాం. అది ఇవాళే. ఇవాళ్టినుంచి మీదీ మాదీ ఒకటే టైము."

చేతి గడియారం వంక చూసుకున్నాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా గడియారం తిప్పిన ఇంట్లో పెరగలేదు నేను.

"మరి ఆ పది నిమిషాలూ ట్రక్కులో ఏం చేశావు?" అంది జోయెల్.

"ముందుగా రాకూడదని..."

అమ్మమ్మగారు నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకున్నారు. జోయెల్ మాత్రం నవ్వలేదు.

"ఏడుసార్లు ఫోన్ చేశాను. మొదటి పావుగంట కోపం వచ్చింది. తర్వాత పావుగంట, రోడ్డు జారుడుగా ఉంది, ఏ గోతిలో పడ్డావోనని భయం. ఆ తర్వాత నువ్వు ఉత్త వెర్రివాడివే అయ్యుండాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

వల్లె వేసుకున్నదంతా మర్చిపోయాను. "జోయెల్, నా సిద్ధాంతం తప్పు. గంట ఆలస్యంగా వచ్చాను, కానీ నీ మీద గౌరవం లేక కాదు. నువ్వంటే నాకు ప్రాణం. దారంతా పాటలు పాడుకుంటూ వచ్చాను."

అమ్మమ్మగారు నా చేతిలోంచి ఆపిల్ పై పళ్ళెం అందుకున్నారు.

"ఇతను నాకు నచ్చాడే జోయెల్. నా ఇంటికి రావడానికి ట్రక్కులో కూర్చుని తల దువ్వుకున్నాడు. రండి, మాంసం ఉండల సూప్ ఇంకా పొయ్యి మీదే ఉంచాను. ఎవరూ ముట్టలేదు."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. జోయెల్ స్వెటర్ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. ఇంటర్న్‌షిప్ ఫారం. ఆమె పేరు పక్కన నా పేరు, సిరాతో.

రెండుసార్లు చదువుకుని అడిగాను. "ఇదెప్పుడు రాశావు?"

"పన్నెండున్నరకి," అంది జోయెల్. "నువ్వు ఎప్పుడొచ్చినా సరే, వస్తే చాలనిపించినప్పుడు."